నీళ్లు దిగిన ఊరికి అతిథులం

"ఊరు తేలిందక్కా! సగం కాదు, మొత్తం ఊరు!"

గద్వాలలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు టెలిఫోనులో ఇలా కేక వేసినప్పుడు, వనపర్తిలో ఉన్న నేను రిసీవరును చెవికి కొంత దూరం జరుపుకోవలసి వచ్చింది. ఏభై ఏళ్లు దాటినా గొంతు తగ్గించి మాట్లాడడం వాడికి అలవడలేదు. అయితే ఆ రోజు వాడిని మందలించాలన్న ఆలోచనే నాకు కలగలేదు. వార్త అటువంటిది.

శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున మా ప్రాంతపు ఊళ్లు అనేకం మునిగిపోయిన సంగతి ఇక్కడి వారందరూ ఎరిగినదే. వేసవిలో నీరు తగ్గినప్పుడు వాటిలో ఎత్తున ఉన్న వీధులు కొన్ని బయటపడేవి, వానలకు మళ్లీ మునిగేవి. రెండు వేల సంవత్సరం దాటాక వరుసగా వచ్చిన కరువులో ఒక ఏడు జలాశయం ఎన్నడూ లేనంతగా అడుగంటింది. సోమశిలకు కొంత దూరంలో, ముంపు తరువాత ఎవరి కంటా పడని ఒక ఊరి దిగువ వీధులు సైతం నది అంచు వరకూ తేలాయని మా తమ్ముడి కేకకు అర్థం. కర్ణాటకలో వానలు మొదలయ్యాయనీ, ఎగువన జూరాలకు నీరు చేరుతున్నదనీ, చూడదలిస్తే ఈ ఆదివారమే చూడాలనీ కూడా వాడు తొందరపెట్టాడు.

నేను బాలికల ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి పొందిన దానిని. పిల్లలను సోమశిలకు తీసుకువెళ్లిన ప్రతిసారీ వాళ్లను రేవులో వరుసగా నిలబెట్టి "ఈ నీటి కింద ఊళ్లున్నాయి" అని చెప్పేదానిని. చెప్పి ఊరుకోవడం కాదు, వాళ్ల చూపులతో పాటు నా చూపూ ఆ నీటి మీద ఏదో వెతికేది. ఇప్పుడు ఆ నీటి అడుగున చెప్పులు వేసుకుని నడవవచ్చునట! నా వయసుకు తగని ఆత్రంతో ఆ వారమంతా గడిపాను. పప్పులో ఉప్పు రెండు మార్లు వేశానని ప్రయాణానికి ముందు రోజే మా ఇంటికి చేరిన మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య, ఇప్పటికీ అంటుంది.

ఆత్రం ఎంత ఉన్నా ఏర్పాట్లలో లోపం రానివ్వలేదు. నాతో పనిచేసి విరమించిన ఉపాధ్యాయినులు కొందరు, మా తమ్ముడు, మరదలు కలిసి ఒక జీపులో బయలుదేరాము. పాన్‌గల్ దాటి కొల్లాపూర్ దారి పట్టగానే నేను ముందు సీటు నుంచి వెనక్కు తిరిగి, ఆ రోజు పాటించవలసిన నియమాలను వినిపించాను. అడగకుండా ఎవరి ఫొటో తీయకూడదు. తిన్న కాగితం, తాగిన సీసా తిరిగి జీపులోకే రావాలి. ఏ రాతి మీదా పేరు చెక్కకూడదు, ఏ పెంకునూ జ్ఞాపకమని సంచిలో వేసుకోకూడదు. పొయ్యి వెలిగించకూడదు. అది మునిగిన ఊరే కావచ్చు, కాని ఊరే. మనం పరాయివాళ్లం.

"అక్కా, మనం పోతున్నది ఊరు చూడనీకా, పరీక్ష రాయనీకా?" అన్నాడు మా తమ్ముడు.

"నీ కెమెరా నా సంచిలో ఉంటే పరీక్ష సులభంగా ఉంటుంది" అన్నాను. వాడు కెమెరాను మెడలోంచి తీసి చొక్కా లోపల దాచుకున్నాడు.

సోమశిల రేవులో చేపలు పట్టే ఒకాయన మరబోటు మాట్లాడుకున్నాము. ఎన్నో సార్లు పడవలో తిరిగిన ఆ విశాలమైన నీరు ఆనాడు గుట్టల మధ్య సన్నని పాయగా మిగిలింది. ఒడ్డులు మేడల్లా పైకి లేచి ఉన్నాయి; వాటి మీద నీరు ఏ ఏటికి ఆ ఏడు గీసిపోయిన చారలు తెల్లగా కనబడుతున్నాయి. బోటు ఆ చారల కింద నుంచి పోతుంటే, ఎక్కడో పైన ఉండవలసిన నీటికి అడుగున ప్రయాణిస్తున్నామన్న భావంతో నా ఒళ్లు జలదరించింది. నాతో పాటు ఉన్నవారంతా ఒకేసారి మాట్లాడుతున్నారు. నేనూ మాట్లాడుతున్నాను. ఎవరి మాటా ఎవరూ వినడం లేదు.

మలుపు తిరగగానే ఊరు కనిపించింది.

గోడలంటూ పెద్దగా ఏమీ లేవు. మట్టి నీటిలో కరిగిపోగా రాళ్లు మాత్రం ఎక్కడివక్కడ కుప్పలుగా కూలి ఉన్నాయి. కాని ఆ కుప్పల నడుమ వీధులు స్పష్టంగా ఉన్నాయి! ఒక సందు మరో సందును కలిసే చోటు, గుండ్రంగా పూడిపోయిన బావి, మొదలు మాత్రం మిగిలిన చింతచెట్టుకు చిక్కుకున్న పాత వల. ఎండి నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టి పెంకుల్లా పైకి లేచి కాళ్ల కింద పటపటమంటోంది. మట్టిలో నత్తగుల్లలు మెరుస్తున్నాయి. మా మరదలు ఒక తిరుగలి రాతిలో సగం చూసి "అమ్మో, వదినా, ఇగో!" అని పిలిచింది. ఆ కేక విని అందరమూ పరుగెత్తాము. మోకాళ్ల నొప్పి సంగతి నాకు మరునాటికి గాని గుర్తు రాలేదు.

బోటాయన నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, "అమ్మా, నీళ్లు కదుల్తున్నయి. గీ పుల్ల మునిగెనంటే బయలెల్లాలె. ఇగ రేపు మాపట్కి గిదంత కనవడది" అని హెచ్చరించాడు.

ఎండ ముదరడంతో నీడ అవసరమైంది. మా తమ్ముడు తెచ్చిన టార్పాలిన్ ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను కచ్చితంగా ఒక మాట చెప్పాను: ఎవరి ఇంటి మీదా మన చాపలు పరచకూడదు. రాళ్ల కుప్ప ప్రతి ఒక్కటీ ఎవరిదో ఒకరి ఇల్లు. అందువల్ల ఏ కుప్పా లేని, విశాలమైన ఖాళీ స్థలాన్ని నేనే స్వయంగా ఎంపిక చేశాను. టార్పాలిన్ ఒక కొసను కర్రకు, మరొక కొసను అక్కడ మట్టిలోంచి మూరెడు పైకి లేచిన ఒక గుండ్రాయికి కట్టారు. చాపల మీదికి మట్టి రాకుండా అందరి చెప్పులనూ ఆ రాయి పక్కన వరుసగా పెట్టించాను. జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ, పులిహోర విప్పుకుని, ఇంత పద్ధతిగా విహరించే యాత్రికులు ఈ నదీతీరాన మరొకరు ఉండరన్న తృప్తితో కూర్చున్నాము.

అప్పుడే ఇద్దరు స్త్రీలు మెరక వైపు నుంచి నడిచి వచ్చారు. ముందు నడుస్తున్న ఆమెకు నా వయసే ఉంటుంది, బహుశా కొంచెం ఎక్కువ. చంకలో ఒక గుడ్డమూట. వెనుక వస్తున్నది నడివయసు మనిషి. వాళ్లు మా నీడ చుట్టూ ఒకసారి తిరిగారు. మళ్లీ తిరిగారు. పెద్దామె ఆగి, చేయి నుదుటి మీద అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులా చూసింది.

"గీడ బొడ్రాయి గిట్ల కానొచ్చిందా అమ్మా మీకు?" అని అడిగింది.

మా వైపు పల్లెల్లో ఊరు కట్టిన నాడు ఊరి నడుమ పాతే రాయి బొడ్రాయి. అది ఊరికి నాభి. పండుగ వస్తే మొదటి నీళ్లబిందె దానికే పోస్తారు. ఊళ్లో ఏ ఇంటికి దారి చెప్పినా దాని దగ్గరి నుంచే చెబుతారు.

"లేదవ్వా, గిదంత ఖాళీ జాగనే" అన్నాడు మా తమ్ముడు, నోట్లో రొట్టెతో.

"ఖాళీ జాగ ఎందుకుంటది నాయనా? ఊరి నడిమి జాగల ఇండ్లు కట్టుకుంటరా ఎవలన్న?" అందామె.

ఆమె ఆ మాట అంటుండగానే నేను వెనక్కు తిరిగి చూశాను. ఊరికి నడుమ ఉన్న ఖాళీ స్థలం. దాని మధ్యన గుండ్రాయి. ఆ రాయి మెడకు మా తాడు. దాని చుట్టూ, అంగుళం తేడా లేకుండా నేను సర్దించిన చెప్పుల వరుస.

ఆమె చూపు కూడా అప్పటికే అక్కడికి చేరింది. తరువాత తన వెంట వచ్చిన మనిషితో, "సూసినవానే? మునిగిపొయ్యిందని మనం ఏడుస్తున్నం గని, మన బొడ్రాయి సర్కారు కొలువుల చేరింది. చెప్పులకు కావలి కూసున్నది" అన్నది.

మా తమ్ముడు ఫక్కున నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు. నేను లేచాను. "అందరూ లేవండి" అన్నాను. అంతకు మించి చెప్పవలసిన అవసరం రాలేదు. పాఠశాలలో గంట కొట్టినట్లు మా వాళ్లంతా ఒక్కుమ్మడిగా లేచారు. తాడు విప్పారు, టార్పాలిన్ మడిచారు, చెప్పులు చేత పట్టుకుని పక్కకు జరిగారు. నేను నా సీసాలోని నీళ్లు ఆమెకు అందిస్తూ, "మాకు తెలియలేదమ్మా. కడిగేందుకు ఈ నీళ్లు పనికివస్తాయా?" అని అడిగాను.

"నీళ్లకేం తప్పున్నది? తేండ్రి" అని ఆమె అందుకుని రాయిని కడిగింది, మూటలోంచి పసుపు తీసి పూసింది, కుంకుమ పెట్టింది. పసుపు పడగానే ఆ గుండ్రాయి ముఖం మారిపోయింది. ఇంతసేపూ దాన్ని చూస్తూ కూడా చూడలేదని తోచింది.

మాటల్లో నేను టీచరునని వాళ్లకూ, ఆమె సంగతి నాకూ తెలిసింది. వెంట వచ్చినది కోడలు. ఊరు ఖాళీ చేయించి గుట్ట మీది కాలనీకి తరలించిన తరువాత జరిగిన పెండ్లి. అత్తగారి ఇల్లు అప్పటికే నీళ్లలో ఉన్నది. కొత్త కోడలు కుడికాలు పెట్టింది రేకుల షెడ్డులో. పై వీధుల వాళ్లు ప్రతి వేసవీ వచ్చి తమ ఇంటి జాగాలో టెంకాయ కొట్టుకుని పోతుంటే, దిగువ వీధిలో ఉన్న ఈమె ఇల్లు మాత్రం ఒక్కసారి కూడా పైకి రాలేదు. ఇప్పుడు వచ్చింది, రేపటికి మళ్లీ పోతుంది. ఈ ఒక్క పూటలో ఇల్లు వెతికి, కోడలి చేత కడప దాటించాలని ఆమె వచ్చింది. మేము గడప అనేదాన్ని ఆమె కడప అంటుంది.

"నేనొద్దనే అన్న టీచరమ్మా" అన్నది కోడలు నాతో. "పిల్లలకు పెండ్లిళ్లు చేసే ఈడులో నేను కొత్త కోడల్ని ఏందని. గోడలు లేని ఇంట్ల కుడికాలేంది, ఎడమకాలేంది?"

"గోడలు లేకుంటె ఇల్లు గాదా? నీకు నోరుందని మనిషివి గావా?" అన్నది అత్త.

ఇక ఇల్లు దొరికినట్లే అనుకుని ఆమె బొడ్రాయి దగ్గరి నుంచి చరచర నడిచింది. కోడలు వెనుక. వాళ్ల వెనుక, మమ్మల్ని ఎవరూ పిలవకపోయినా, తగినంత ఎడంగా మేము. ఒక సందు దాటి ఆమె ఆగింది. "ఈడ కంసాలాయన ఇల్లు ఉండాలె" అంది. అక్కడ రాళ్లు. పక్కనా రాళ్లే. ముందుకు పోయి, వెనక్కు వచ్చి, మరో సందులో దూరి, మళ్లీ అదే చోటికి తేలింది. దిగువకు పోయే కొద్దీ ఒండ్రు మందంగా ఉంది. వీధి ఏదో వాకిలి ఏదో కలగలిసి పోయింది. బోటాయన పుల్ల వైపు చూశాను. నీరు దాని మొదలును తాకుతోంది. నేనే పక్క సందులోకి తొంగి చూశాను. ఎవరి ఇల్లు దొరికినా దొరకకపోయినా నాకు ఒరిగేదేమీ లేదన్న సంగతి ఆ క్షణంలో నాకు జ్ఞాపకం లేదు.

"తెలుస్తలేదు" అన్నదామె చివరికి.

అప్పటిదాకా ఎద్దేవా చేస్తున్న కోడలే ముందుకు వచ్చింది. "అత్తా, నువ్వు గిట్ల వచ్చిన తొవ్వ యాద్జేస్తున్నవు. దినాం నడిచిన తొవ్వ పట్టు. ఏట్లకెంచి నీళ్లు మోసుకొచ్చినవు గద?"

"మోయకుంటె మీ మామ తెచ్చిండా?"

"అయితె ఏటి కాడికి నడువు."

అందరం నీటి ఒడ్డుకు దిగాము. కోడలు తన కొంగు చుట్టచుట్టి అత్త తల మీద పెట్టి, దాని మీద మూటను బిందెలా నిలబెట్టింది. పైన బొడ్రాయి ఎక్కడున్నదో కింద నుంచి కనబడేలా మా తమ్ముడు తువాలు ఊపుతూ దాని పక్కన నిలబడ్డాడు. ఒక్క మాట చెప్పకుండానే వాడికి ఆ ఆలోచన తట్టినందుకు నాకు గర్వం కలిగింది. ఆమె ఒక చేత్తో మూట పట్టుకుని, మెడ నిటారుగా నిలిపి, కళ్లు కిందికి దించకుండా నడక మొదలుపెట్టింది.

ఆ నడకను నేను మరచిపోలేను. ఇంతసేపూ రాళ్ల మీద తడబడిన మనిషి అలవాటైన వాలులో హాయిగా ఎక్కిపోతోంది. ఒకచోట మాకు ఏ అడ్డూ కనబడకపోయినా పక్కకు ఒత్తిగిలి నడిచింది. అక్కడ ఎవరి అరుగో ఉండి ఉంటుంది. ఒక మలుపు తిరిగింది. ఇంకో మలుపు. మేమంతా వెనుక నడుస్తున్నాము. ఉన్నట్టుండి ఆమె కాలికి ఏదో తగిలి ఆగిపోయింది. మట్టిలోంచి ఒక రాతి అంచు, వంపు తిరిగి, వేలెడు మందాన కనబడుతోంది.

"తొట్టి!" అని అరిచిందామె. "కుడితి తొట్టి! మా మామ తొలిపిచ్చిన తొట్టి! బండి మీదికి ఎక్కకపాయె, ఇడిసిపెట్టి పోయినమే దీన్ని! అగో, గీ మూల బర్రె కొమ్ముతోని పలిగింది!"

నిజంగానే ఒక మూల పగిలి ఉంది. కేక విని మా తమ్ముడూ బొడ్రాయి దగ్గరి నుంచి పరుగెత్తుకు వచ్చాడు. మా ఉపాధ్యాయినులు చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. నేను వారించలేదు, నేనూ కొట్టాను. తరువాత నన్ను నేను సంబాళించుకుని, "అమ్మా, మేము చేయి వేయవచ్చునా? మీకు అభ్యంతరం లేకపోతేనే" అని అడిగాను.

"ఏయుండ్రి తల్లీ. మా ఇంట్ల పని మస్తుగున్నది" అన్నదామె నవ్వుతూ.

పులిహోర తిన్న పళ్లేలతోనే మట్టి తోడాము. తొట్టికి ఎడమ పక్క దర్వాజా అని ఆమె చెప్పింది. అక్కడ తవ్వగా తవ్వగా అడ్డంగా పరచిన ఒక బండ బయటపడింది. పైనున్న కడప కట్టెను ఊరు విడిచిన నాడే తీసుకుపోయారట. ఆ కట్టెను మోసిన బండ మాత్రం మిగిలింది. ఆమె మా అందరినీ వెనక్కు జరగమన్నది. కడిగి, పసుపు రాసి, కోడలి చేయి పట్టుకున్నది.

కోడలు నవ్వుతూనే ముందుకు వచ్చింది. బండ ముందు నిలబడ్డాక ఆమె నవ్వు ఆగిపోయింది. కొంగు నిండా కప్పుకుని, కుడికాలు ఎత్తి, లేని ఇంట్లోకి పెట్టింది. తరువాత ఏమైందో ఏమో, అక్కడే నిలబడి కళ్లు తుడుచుకోసాగింది. అత్త కూడా ఏడుస్తూనే, "సాలు తియ్, లోపల్కి నడువు, ఎనుక మంది ఉన్నరు" అన్నది.

వెనుక ఉన్న మంది మేమే. మేము ఎక్కడెక్కడో రాళ్ల మీద నిలబడి చూస్తున్నాము. అత్త కోడలి వెనుకే లోపలికి దాటి, మా వైపు తిరిగి చూసింది. చటుక్కున ఇంటి ఇల్లాలి గొంతు వచ్చింది. "గట్ల గోడలెక్కి నిలవడ్తరా ఎవలింటికన్న పోతె? దిగుండ్రి! దర్వాజకెంచి రాండ్రి లోపల్కి!"

సిగ్గుపడి దిగాము. చెప్పులు బయట విడిచి, ఒకరి వెనుక ఒకరం బండ దగ్గరికి వచ్చాము. అందరికన్నా పొడవరి అయిన మా తమ్ముడు దాటబోతుంటే ఆమె గాభరాగా చేయి అడ్డం పెట్టింది. "తల, తల! దర్వాజ పొట్టిది నాయనా, తాకుతది!"

వాడు నడుం వంచి, తల దించి లోపలికి వచ్చాడు. వాడి తరువాత నేనూ తల వంచాను. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

లోపల ఆమె మాకు ఎక్కడెక్కడ కూర్చోవాలో చూపించింది. "అటు పోకుండ్రి, అది దేవునర్ర" అంటే ఆ దేవుడి గది వైపు పోలేదు. "గీడ వంట" అంటే జరిగి చోటిచ్చాము. ఇంటికి వచ్చినవాళ్లకు నీళ్లయినా ఇవ్వాలని, మూటలోని తన సీసాలో మిగిలిన నీటిని మూతతో తలా గుక్కెడు పోసింది. ఆ ఎండలో, ఆ ఇంట్లో, ఆమె చేతి నీళ్లు తాగుతుంటే నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇన్నేళ్లుగా పిల్లలకు చూపిస్తూ వచ్చిన నీటి కింది ఊళ్లో నేనిప్పుడు ఒక ఇంట్లో చుట్టాన్ని!

కింద నుంచి బోటాయన ఈల వేశాడు. పుల్ల మునిగింది. మా తమ్ముడు చొక్కా లోంచి కెమెరా తీసి, నా వంక ఒకసారి చూసి, ఆమెను వినయంగా అడిగాడు. "అవ్వా, మీ ఇద్దర్ది ఇంట్ల ఒక ఫొటో తియ్యాల్నా?"

"ఇప్పుడా? ఒద్దు బిడ్డా, ఒద్దు" అన్నదామె చుట్టూ ఉన్న మట్టిని చూసి నొచ్చుకుంటూ. "ఇల్లు ఊడ్వలె."

వాడు మరో మాట లేకుండా కెమెరాను దించాడు. ఇంతలో కోడలు బయటికి పోయి, చింతమొదలుకు చిక్కుకున్న ఎండుపుల్లలు గుప్పెడు విరిచి తెచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, కడప బండ మీద, దాని ముందర, లోపల ఇద్దరు నిలబడేంత మేర గబగబా ఊడ్చింది. ఊడ్చి, పుల్లలను ఒక మూల ఆనించి, అత్త పక్కకు వచ్చి నిలబడి, "ఆఁ, ఇగ దియ్యుండ్రి" అన్నది.